మాంసం ఓడ నుంచి మీథేన్ పన్ను దాకా

1882 ఫిబ్రవరి 15న న్యూజిలాండ్‌లోని పోర్ట్ చామర్స్ రేవు నుంచి డునెడిన్ అనే తెరచాప ఓడ లండన్‌కు బయలుదేరింది. దాని కడుపులో ఐదు వేలకు కాస్త తక్కువగా గొర్రె మాంసపు కళేబరాలు, గడ్డకట్టించి పేర్చినవి. ఉష్ణమండలంలో గాలి పడిపోయి ఓడ నిలిచిపోయింది. శీతల యంత్రం పొగగొట్టం నుంచి ఎగిరిన నిప్పురవ్వలకు తెరచాపలు అంటుకున్నాయి. చల్లగాలి లోపలికి సరిగా పారడం లేదని గొట్టంలోకి దూరిన కెప్టెన్ జాన్ విట్సన్ చలికి కొయ్యబారిపోతే, కాళ్లకు తాడు కట్టి బయటికి లాగారు. 98 రోజుల తర్వాత సరుకు చెడకుండా చేరింది. అంతకుముందు అక్కడ గొర్రెను ఉన్నికోసమే పెంచేవారు. మిగులు మందల్ని కొవ్వు కోసం ఉడకబెట్టేవారు. ఆ ప్రయాణంతో మాంసమే దేశానికి బతుకుదెరువైంది. అడవులు నరికి పచ్చిక వేశారు. 1982 నాటికి గొర్రెలు 7 కోట్లు, మనుషులు 32 లక్షలు.

1973లో ఆ మాంసం కొనే బ్రిటన్ యూరప్ ఉమ్మడి మార్కెట్లో చేరింది, 1984లో న్యూజిలాండ్ రైతులకు సబ్సిడీలు పోయాయి. దాంతో గొర్రెలు తగ్గాయి, పాడి ఆవులు పెరిగాయి. నెమరువేసే పశువు పొట్టలో పుట్టే మీథేన్ ఎక్కువగా త్రేన్పులతో బయటికొస్తుంది. అది గాలిలో పన్నెండేళ్లే ఉన్నా, నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడెక్కిస్తుంది. న్యూజిలాండ్ ఉద్గారాల్లో దాదాపు సగం వ్యవసాయానివే.

2003లో ప్రభుత్వం పరిశోధన ఖర్చు కోసం ఆవుకు ఏడాదికి డాలరులోపు పన్ను వేస్తానంది. రైతులు రాజధాని వీధుల్లోకి వచ్చారు. షేన్ ఆర్డెర్న్ అనే ఎంపీ పార్లమెంటు మెట్ల మీదికి ట్రాక్టర్ ఎక్కించాడు. పన్ను ఆగిపోయింది. 2008లో కార్బన్ మార్కెట్ పెట్టినప్పుడు పశువుల వంతు తర్వాత చూద్దామన్నారు. ఆ 'తర్వాత' వాయిదాల మీద వాయిదాలు పడింది. 2022 అక్టోబరులో జసిండా ఆర్డెర్న్ ప్రభుత్వం 2025 నుంచి రైతు స్థాయిలో రుసుము ప్రకటిస్తే, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. మరుసటి ఏడాది 2050 మీథేన్ లక్ష్యాన్నే తగ్గించింది.

ఇది రైతు మొండితనం అనుకుంటే అన్యాయం. మీథేన్ తగ్గించే మందు కొట్టంలో దాణా తినే పశువుకు రోజూ కలిపి పెట్టొచ్చు, కొండ మీద మేసే గొర్రెకు ఎవరు పెడతారు? ఇక్కడ మంద తగ్గిస్తే, ఆ మాంసాన్ని ఇంకా ఎక్కువ మీథేన్ వదిలే మరో దేశం అమ్ముకుంటుందనీ వాళ్లంటారు. ఆ భయం నిజమే. కానీ ప్రతి ఎగుమతి దేశమూ ఇదే మాట చెప్తే మొదలుపెట్టేవాళ్లే ఉండరు. పరిశ్రమ పెద్దదయ్యేకొద్దీ పన్ను వేయడం రాజకీయంగా కష్టమవుతూ వచ్చింది. నా దృష్టిలో ఈ ఇరవై ఏళ్ల నష్టం అదే.

డెన్మార్క్ మొదలుపెట్టింది. 2024లో రైతు సంఘాన్ని కూర్చోబెట్టుకుని ఒప్పందం చేసుకుంది: 2030 నుంచి పశువుల ఉద్గారాలపై టన్నుకు 300 క్రోనర్లు, 2035కి 750. అందులో 60 శాతం మినహాయింపు ఉంది, కాబట్టి రైతు చేతి నుంచి మొదట పోయేది 120 క్రోనర్లే. అది చాలా తక్కువ. అయినా రైతులు సంతకం పెట్టారు.