వెబ్ పుటలో చూపుట, దాచుట: ఒక చిన్న చరిత్ర

మార్టూరు ప్రాంతపు మిరప రైతు తన పొలము అడంగలును నేడు సెల్ ఫోనులో చూచుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో నెలకొల్పిన మీభూమి వెబ్ సైటు అందుకు ఏర్పడినదే. ఇటువంటి సైట్లలో మొదట జిల్లాను, పిదప మండలమును, ఆ పిదప గ్రామమును ఎన్నుకొనవలెను. జిల్లా పేరు ఎన్నుకొన్నంతనే దానికి చెందిన మండలములు మాత్రమే కనబడును. రాష్ట్రములోని వేలాది గ్రామముల పేర్లను ఒకేసారి చూపినచో రైతు తన ఊరిని వెదకుకొనుటకే పొద్దు గడచిపోవును. కావున అక్కరలేని దానిని దాచుట కూడ ఒక విద్యయే.

ఈ విద్య వెబ్బుతో పాటు పుట్టినది కాదు. టిమ్ బెర్నర్స్-లీ 1991లో లోకమునకు అందించిన వెబ్బులోని పుట అచ్చు కాగితము వంటిది. అందులో ఒక్క మాట మారవలెనన్నను, దూరముననున్న సర్వరు అను కంప్యూటరు నుండి మరొక పుటను తెప్పించుకొనవలసినదే. మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించినది. టెలిఫోను తీగపై నడచిన ఆనాటి ఇంటర్నెట్టులో ఒక పుట వచ్చులోపల కాఫీ త్రాగి రావచ్చును.

ఆ 1995 మే నెలలోనే అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అను ఆయన పది దినములలో ఒక చిన్న ఆజ్ఞల భాషను రూపొందించెను. మొదట దానిని మోకా అనిరి. తరువాత లైవ్‌స్క్రిప్ట్ అనిరి. డిసెంబరు నాటికి జావాస్క్రిప్ట్ అను పేరు స్థిరపడినది. జావా అను మరొక భాషతో దీనికి పేరులోనే గాని స్వభావములో చుట్టరికము స్వల్పము. ఈ భాషలోని ఆజ్ఞలు పుటతో పాటు మన కంప్యూటరుకే వచ్చి, బ్రౌజరులోనే అమలు జరుగును. ప్రతి చిన్న పనికి సర్వరును అడుగనక్కరలేదు. అయినను, తొలినాళ్లలో దానికి దరఖాస్తు గళ్లను సరిచూచుట వంటి కొద్ది పనులే చేతనగును. ఒకసారి పేర్చిన పుటను కదల్చలేకపోయినది.

1997లో నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ సంస్థల నాలుగవ బ్రౌజర్లు ఆ కొరతను తీర్చినవి; కాని చెరియొక దారి పట్టినవి. ఒకదానిలో ‘షో’, ‘హైడ్’ అనవలెను. రెండవదానిలో ‘విజిబుల్’, ‘హిడెన్’ అనవలెను. ఒకే పనికి రెండు విధములుగా వ్రాయలేక పుటల రచయితలు విసిగిపోయిరి. 1998 అక్టోబరులో డబ్ల్యు3సి అను ప్రమాణముల సంఘము పుటలోని భాగములను ఆజ్ఞలతో తాకుటకు ఒక ఉమ్మడి పద్ధతిని ప్రకటించినది. అయినను బ్రౌజర్ల భేదములు పోవుటకు చాల ఏండ్లు పట్టినవి. 2006లో జాన్ రెసిగ్ వెలువరించిన జెక్వెరీ అను ఆజ్ఞల సంపుటి ఆ భేదములను తనలో ఇముడ్చుకొన్నందువలననే అంత త్వరగా వ్యాపించినది.

దాచుటలో రెండు రీతులు గలవు. విద్యార్థులు తరచుగా తడబడునది ఇక్కడనే. గుంటూరు యార్డులో మిరప టిక్కీలను ఒక వరుసగా పేర్చినారనుకొనుడు. నడుమనున్న టిక్కీని తీసివేసి తక్కిన వానిని దగ్గరకు జరిపినచో అది ఒక రీతి. డిస్‌ప్లే అను గుణమునకు ‘నన్’ అను విలువ ఇచ్చిన ఇట్లే జరుగును. టిక్కీ కానరాకున్నను దాని తావును ఖాళీగా అట్లే ఉంచినచో అది రెండవ రీతి. విజిబిలిటీని ‘హిడెన్’ చేసినప్పుడు జరుగునది ఇది. పుట చదువరి కన్నుల ముందు ఎగిరిపడరాదనుకొన్నచోట రెండవదే మేలు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి గలదు. తోలుబొమ్మలాటలో తెరకు ఆనించిన బొమ్మ కనబడును. వెనుకకు తీసిన బొమ్మ కనబడదు, కాని అది ఆటవాని ప్రక్కనే యుండును. దాచిన వెబ్ భాగమును అంతే. అది చదువరి కంప్యూటరుకు వచ్చియే యున్నది. ఉపాధ్యాయుడొకరు ప్రశ్నలను చూపి, జవాబులను పై పద్ధతిలో దాచి పుటను తయారుచేసినచో, కంట్రోలు, యు మీటలను కలిపి నొక్కిన విద్యార్థికి మూలపాఠములో ఆ జవాబులన్నియు దొరకును. స్వయముగా చదువుకొను పాఠమునకు ఇది దోషము కాదు. పరీక్షకైనచో ఆ జవాబులను సర్వరులోనే ఉంచవలెను. రైతు ఫోను నంబరు వంటి వివరములకును ఇదే నియమము.

అన్ని జాబితాలను ముందే పంపక, అవసరమైనప్పుడే సర్వరు నుండి కొంచెము కొంచెముగా తెచ్చుకొను ఉపాయము 1999లో మైక్రోసాఫ్ట్ ఐదవ బ్రౌజరుతో వచ్చినది. దీని ఫలము జిల్లాలు మారినప్పుడు తెలియును. మార్టూరు తొలుత గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడి, 1972లో ప్రకాశం అను పేరు పొందిన జిల్లాలో చేరినది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. మండలముల పట్టిక ప్రతి పుటలోను విడివిడిగా దాచియున్నచో అన్నింటిని దిద్దవలెను. ఒక్క పుట మరచినను, బాపట్లను ఎన్నుకొన్న రైతుకు ఆ పుటలో మార్టూరు కనబడదు. పట్టిక సర్వరులో ఒకేచోట ఉన్నచో ఒక్క దిద్దుబాటు చాలును.