గొలుసు నుండి గడువు వరకు

పరుల చేతికి పోయిన పుస్తకము మరల రాదని మన పెద్దలు హెచ్చరించిరి. ఒకవేళ వచ్చినను చినిగి వచ్చుననిరి. ఇంటి బీరువాకు ఈ హెచ్చరిక చాలును. కాని కళాశాల గ్రంథాలయము దీనినే నమ్ముకొన్నచో తలుపులు మూసికొనవలసినదే. అట్లని మొదట అడిగినవానికెల్ల ఇచ్చివేసినచో వెనుక వచ్చినవాని గతి యేమి? ఈ చిక్కును విప్పుటకు విద్యాలయములు ఏడువందల ఏండ్లుగా చేసిన యత్నములను మనమొకపరి పరికింతము.

పదమూడవ శతాబ్దమున ఐరోపాలో గ్రంథమనగా చర్మపత్రములపై చేతితో వ్రాసిన ప్రతి. దానిని సిద్ధపరచుటకు నెలలు పట్టెడిది. దాని వెల పేద విద్యార్థికి అందెడిది కాదు. 1212లో పారిస్ నగరమున కూడిన క్రైస్తవ మతాచార్యుల సభ, గ్రంథములను ఎరువిచ్చుట దయాధర్మములలో ముఖ్యమైనదని చెప్పి, బీదలకు వానిని నిరాకరింపరాదని మఠములను ఆదేశించెను. ఆ నగరమందే 1257 ప్రాంతమున రాబర్ట్ ద సోర్బాన్ అను ఆచార్యుడు బీదలైన మతశాస్త్ర విద్యార్థులకై ఒక కళాశాలను నెలకొల్పెను. 1290 నాటి పట్టికలో ఆ కళాశాల గ్రంథములు 1,017. 1338 నాటికి 1,722.

సోర్బాన్ పండితులు తమ గ్రంథములను రెండు శాలలుగా విభజించిరి. పెద్దశాలలో పుస్తకములను బల్లలకు ఇనుప గొలుసులతో బంధించిరి. అవి కదలవు, చదువరియే వానికడకు రావలెను. చిన్నశాలలోనివి ఎరువిచ్చుటకు ఉద్దేశింపబడినవి. ప్రతి శాస్త్రమునను ఉత్తమమైన గ్రంథమును గొలుసున నుంచవలెనని 1321లో నియమము చేసిరి. గొలుసును చూడగానే మనకు కారాగారము తలపునకు వచ్చును. కాని ఆ నియమమును నిదానించి చూచినచో అది కట్టివేసినది చదువరిని కాదు, పలుకుబడి గలవాని చేతిని. అందరికి కావలసిన పుస్తకమును ఒక్కడు తన గదికి తీసికొనిపోవుటకు వీలులేకుండెను.

ఆక్స్‌ఫర్డులో 1602లో తెరచిన బోడ్లీ గ్రంథాలయము ఇంకను కఠినముగా నుండెను. అచట ఎరువు అసలే లేదు. 1645లో, అంతర్యుద్ధ కాలమున, ఆ నగరమున విడిసియున్న ఒకటవ చార్లెస్ రాజు ఒక చరిత్ర గ్రంథమును పంపుమని కోరెను. గ్రంథాలయాధికారి జాన్ రౌస్ నిబంధనలను చూపి కాదనెను, రాజు సమ్మతించెను. 1654లో క్రామ్వెల్ పోర్చుగల్ రాయబారి కొరకు ఒక వ్రాతప్రతిని కోరినప్పుడును అదే సమాధానము లభించెను. రాజునకు లొంగని నియమము రాజును పదవీచ్యుతుని చేసినవానికిని లొంగలేదు.

అయినను దాచినంత మాత్రమున పుస్తకము క్షేమముగా నుండునా? అమెరికాలోని హార్వర్డు కళాశాల ఇందుకు సమాధానము. 1764 జనవరి 24వ తేదీ రాత్రి అచటి గ్రంథశాల అగ్నికి ఆహుతియయ్యెను. సుమారు 5,000 సంపుటములలో మిగిలినవి కొన్ని వందలు మాత్రమే. అవి చదువరుల కడ నున్నవి, ఇంకను అరల కెక్కనివి. మూలదాత జాన్ హార్వర్డు ఇచ్చిన నాలుగువందల పుస్తకములలో దక్కినదని పేరుగన్న ఒక్కటియు ఎరువు పోయియుండుటచేతనే దక్కెను.

ఆ హార్వర్డులోనే 1870 తరువాత చదువు తీరు మారెను. ఒక్క పాఠ్యగ్రంథమును వల్లించుట మాని, పెక్కు గ్రంథములను సరిపోల్చి చదువవలెనని చరిత్రోపాధ్యాయుడు హెన్రీ ఆడమ్స్ వంటివారు బోధింపసాగిరి. తరగతి యంతయు ఒకే వారమున ఒకే పుస్తకమునకై వచ్చినచో నేమి చేయవలెను? ఉపాధ్యాయుడు కోరిన గ్రంథములను వేరొక అరలో నుంచి అందరికి అందుబాటు చేయు రిజర్వు పద్ధతి అట్లు పుట్టెను. 1877లో గ్రంథాలయాధికారియైన జస్టిన్ విన్సర్ దానిని విస్తరింపజేసెను. సోర్బాన్ గొలుసు స్థానమున గడియారము వచ్చెనన్న మాట. పుస్తకమును పగలు కొన్ని గంటలు అచటనే చదువవలెను. కొన్నిచోట్ల రాత్రికి ఇంటికి తీసికొనిపోయి ఉదయమే తిరిగి యొప్పగింపవలెను.

మన కోస్తా, రాయలసీమ కళాశాలలు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడు వరకు మద్రాసు విశ్వవిద్యాలయపు నీడలో నుండినవి. ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు 1924లో అధికారిగా వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో ప్రకటించిన పంచసూత్రములలో, పుస్తకములు ఉపయోగించుటకే యనుదానిని మొదటిదిగా నిలిపెను. ప్రతి చదువరికి అతని పుస్తకము అందవలెననుట రెండవది. ఒక్క ప్రతికి నలుబదిమంది చదువరులున్నచోట ఈ రెండవ సూత్రమును నిలుపునది గడువు నియమమే.

కొనగలవానికి ఈ నియమము చిన్న అసౌకర్యము. కొనలేనివానికి ఆ రెండు గంటల పుస్తకమే పరీక్ష, ఆ పరీక్షయే బ్రతుకుతెరువు. ఉపాధ్యాయుడు జాబితాను సకాలమున పంపకపోయినను, చదువరి గడువు దాటి పుస్తకమును అట్టిపెట్టుకొన్నను, నష్టపోవువాడు అతడే. మన బిడ్డ ఇంటికి తెచ్చిన కళాశాల పుస్తకమున గడువు తేదీ కనబడినప్పుడు, దానికై వేచియున్న మరియొక బిడ్డ కలడని గుర్తింతము.