తక్కెడ నుండి దారము వరకు

సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమగు వరకును మెదక్ జిల్లాలోని పట్టణముగనే యుండెను. చెరువు నిండిన యేడు వరిని, నిండని యేడు జొన్న మక్కలను నమ్ముకొని బ్రతికిన ఈ మెట్ట ప్రాంతపు తల్లులకు, బిడ్డ చిక్కిపోవుచున్నదేమో యను భయమే గాని, ఒళ్లు చేయుచున్నదేమో యను శంక యుండెడిది కాదు. బాలల దేహమును కొలుచు శాస్త్రము కూడ ఆ భయమునకు సమాధానముగనే మన నేలకు వచ్చినది.

1918లో కూనూరునందు రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధన క్రమముగ పెంపొంది, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేర స్థిరపడినది. 1972లో ఆ సంస్థ యాధ్వర్యమున నెలకొన్న జాతీయ పోషణ పర్యవేక్షణ విభాగము వారు పల్లెలలో ఎత్తును, బరువును, దండ చుట్టుకొలతను కొలిచినది లేమిని కనిపెట్టుటకే; 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకముతో వ్యాపించిన అంగన్‌వాడీలలో బిడ్డలను తక్కెడకు వ్రేలాడదీసి తూచినదియు అందులకే.

లేమి సంగతి యట్లుండగా, అధికమైన కొవ్వును కనుగొనుటకు తక్కెడ యొక్కటి చాలదు. బెల్జియం గణితవేత్త కెట్లే 1830ల దశకమున బరువును ఎత్తు వర్గముచే భాగించు సూత్రమును చూపగా, 1972లో ఆన్సెల్ కీస్ దానికి శరీర ద్రవ్యరాశి సూచిక యని పేరిడెను. పెద్దలకు ఒకే అంకె చెల్లినను, ఎదుగుచుండు పిల్లలకు వయస్సును బట్టియు, ఆడ మగ భేదమును బట్టియు హద్దు మారును గనుక, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, 2015లో భారతీయ శిశువైద్యుల సంఘమును ఐదేండ్లు దాటిన వారికి ప్రత్యేక పటములను సిద్ధపరచెను.

అయినను ఆ సూచికకు కండకును కొవ్వుకును గల భేదము తెలియదు. 2003లో యాజ్ఞిక్ బృందమువారు పుణె ప్రాంతపు పల్లెలలోని నవజాత శిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చి, మన శిశువులు బరువున ఎంతో తక్కువ యైనను, వీపుపై చర్మపు మడతను కాలిపర్‌తో కొలువగా కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదని ప్రకటించిరి. సన్నని దేహమునందును కొవ్వు దాగియుండునని దీనివలన స్పష్టమగుచున్నది.

యంత్రములు లేని బడిలో సైతము చేయదగిన కొలత యొకటి కలదు. ఆరేండ్లు నిండిన బిడ్డ నిలువెత్తు దారమును రెండుగా మడచి నడుమునకు చుట్టగా అది చాలనిచో, పొట్టకొవ్వు హెచ్చినదని శంకించి వైద్యునకు చూపవలెను. సిద్దిపేట ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, బరువుతోపాటు ఈ కొలతను కూడ ఏటేట వ్రాసియుంచుడు. ఏ బిడ్డను తోటివారి యెదుట దేహమును గూర్చి కించపరుపకుడు.