ఒక్క మనిషి పేరున ఒక చట్టం

చట్టం అందరికీ ఒకటే అని బడిలో చదువుకున్నాం. కానీ ఒకే ఒక్క మనిషి కోసం, ఆ మనిషి పేరు రాసి మరీ చేసిన చట్టాలు కూడా చరిత్రలో ఉన్నాయి. అమెరికాలో వాటిని ప్రైవేటు చట్టాలు అంటారు. ప్రభుత్వం వల్ల నష్టపోయిన ఫలానా వ్యక్తికి ఖజానా నుంచి ఇంత సొమ్ము చెల్లించండి అని చెప్పడమే వాటిలో చాలావాటి పని. అక్కడి ఆదివాసుల కథ కూడా ఈ చరిత్రతో ముడిపడి ఉంది కాబట్టి మన యువతకు దీన్ని చెప్పాలనిపించింది.

అమెరికా ఇంగ్లాండు రాజు పాలనను వదిలించుకుంది గానీ, రాజు తప్పు చేయడు అన్న ఆ దేశపు పాత న్యాయసూత్రాన్ని వదులుకోలేదు. ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప ప్రభుత్వం మీద దావా వేయడానికి వీల్లేదు. ఇక మిగిలిన దారి అర్జీ. 1791లో చేసిన మొదటి రాజ్యాంగ సవరణ ఆ హక్కుకు రక్షణ ఇచ్చింది. బాధితుడు కాంగ్రెస్‌కు, అంటే అక్కడి చట్టసభకు, అర్జీ పెట్టుకునేవాడు. ఎవరో ఒక సభ్యుడు దాన్ని బిల్లుగా ప్రవేశపెట్టాలి. రెండు సభలూ ఒప్పుకోవాలి. అధ్యక్షుడు సంతకం చేయాలి. అప్పుడు డబ్బు చేతికి వచ్చేది.

ఇలాంటి అర్జీలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ సభ్యుడిగా ఉన్నప్పుడు, ఇది కోర్టులు చేయాల్సిన పని, సభ కాలంలో సగం దీనికే పోతోంది అని 1832లో తన డైరీలో రాసుకున్నారు. చివరికి 1855లో క్లెయిమ్స్ కోర్టు పెట్టారు. మొదట్లో అది సిఫారసు మాత్రమే చేయగలిగేది. అబ్రహాం లింకన్ గట్టిగా అడిగాక 1863లో తుది తీర్పు చెప్పే అధికారం వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పౌరులకు తలుపు తెరిచిన ఆ 1863 చట్టమే, ఆదివాసీ తెగలతో చేసుకున్న ఒప్పందాల మీద వచ్చే దావాలను ఆ కోర్టు వినకూడదని రాసింది. దాంతో భూమి పోయిన ఒక్కో తెగా కోర్టు గడప తొక్కడానికే కాంగ్రెస్ నుంచి విడిగా ఒక చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. 1830 ఒప్పందంతో మిసిసిపీలో భూములు పోగొట్టుకున్న చొక్టా తెగకు 1881లో గానీ ఆ అనుమతి రాలేదు. సుప్రీంకోర్టు తీర్పు 1886లో వచ్చింది. అప్పటికి యాభై ఆరేళ్లు గడిచాయి. తెగలన్నిటి దావాలూ వినడానికి ఒక కమిషన్ ఏర్పడింది 1946లోనే.

అదే ఏడాది, ప్రభుత్వ ఉద్యోగుల నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారు కోర్టుకు వెళ్లే చట్టం కూడా వచ్చింది. ఆ చట్టం కింద అడగగలిగే పరిహారాలకు ప్రైవేటు బిల్లులు పెట్టకూడదన్నారు. అయినా ప్రైవేటు చట్టాలు పూర్తిగా పోలేదు. 1953లో సీఐఏ వాళ్లు ఫ్రాంక్ ఓల్సన్ అనే శాస్త్రవేత్తకు తెలియకుండా మత్తుమందు ఇచ్చారు. కొద్ది రోజులకే ఆయన న్యూయార్క్‌లో హోటల్ కిటికీ నుంచి పడి చనిపోయారు. 1975లో మందు సంగతి బయటపడింది. మరుసటి ఏడాది ఆ కుటుంబానికి 7,50,000 డాలర్లు ఇస్తూ ప్రైవేటు చట్టం చేశారు.

మరి వేలమంది నష్టపోతే? నవాహో ఆదివాసుల నేలలో 1940ల నుంచి అణ్వాయుధాల కోసం యురేనియం తవ్వారు. గనుల్లో దిగిన నవాహోలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. 1950 నుంచి ప్రభుత్వ ఆరోగ్య విభాగం గని కార్మికులను పరీక్షిస్తూనే ఉంది. ప్రమాదం మాత్రం వాళ్లకు చెప్పలేదు. కోర్టుకు వెళితే, 1946 చట్టంలోని మినహాయింపు చూపి 1984లో దావా కొట్టేశారు. అప్పీలు కూడా ఓడిపోయింది. చివరికి 1990లో కాంగ్రెస్ ఒక సాధారణ చట్టం చేసి, క్షమాపణ చెప్పి, అర్హులైన గని కార్మికులకు లక్ష డాలర్ల చొప్పున ప్రకటించింది.

చట్టం వచ్చినా కాగితం అడ్డు వచ్చింది. తమ ఆచారం ప్రకారం పెళ్లి చేసుకున్న నవాహో వితంతువులు పెళ్లి పత్రం ఎక్కడి నుంచి తెస్తారు? వాళ్లు పోరాడగా, ఆదివాసీ ఆచారాలను, సంప్రదాయ చట్టాలను పరిగణనలోకి తీసుకోవాలని 2000 సవరణలో చేర్చారు.

మనకూ ఇది కొత్త కాదు. అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని మన 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. దాని నియమాల్లో, హక్కుదారు కాని పెద్దల మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. ఆ నియమం ఉన్నా, రాసేవాళ్లు లేకపోతే ఆ సాక్ష్యం ఎలా నిలుస్తుంది? హాస్టల్లో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే, పెద్దవాన కురిసిన ఏడాది అని చెప్పే తల్లులను నేను చూశాను. వాళ్ల జ్ఞాపకం ఖచ్చితమైనదే. ఆఫీసు రిజిస్టరులో దానికి గడి లేదు, అంతే.

ఒక్కరి పేరున వచ్చే చట్టానికి పలుకుబడి ఉన్న సభ్యుడు దొరకాలి. అందరికీ వర్తించే చట్టం హక్కు అవుతుంది. కానీ ఆ హక్కును చేతికి తెచ్చేది రాత. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువుకున్నది మీరు. ఈ సెలవుల్లో మీ తాత ఏ కొండ మీద పోడు చేశాడో, ఏ వాగు హద్దో, ఏ ఏడాది ఎవరు ఖాళీ చేయించారో అడిగి రాయండి. చెప్పినవారి పేరు, తేదీ వేసి, వేలిముద్రో సంతకమో తీసుకోండి.