గవర్నమెంట్ క్యాన్సిల్ చేసినా ఆగని పండగ: చైనా కొత్త సంవత్సరం కథ

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో ఒక ఫిబ్రవరిలో మా రిలీజ్ ఆగిపోయింది. ఎందుకంటే షెన్‌జెన్‌లో ఉన్న టీమ్ మొత్తం సెలవులో ఉంది. "జనవరి 1 అయిపోయిందిగా, మళ్ళీ ఈ న్యూ ఇయర్ ఏంటి?" అని విసుక్కున్నాను. తర్వాత చరిత్ర చదివితే తెలిసింది, ఇదే మాట అక్కడి ప్రభుత్వాలు కూడా తమ ప్రజల్ని అడిగాయని.

ముందు పండగ గురించి చూద్దాం. మన ఉగాదిలాగే ఇదీ చంద్రుడి లెక్క. మనకి అధిక మాసం ఉన్నట్టే వాళ్ళకీ ఉంది. అందుకే తేదీ జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య మారుతూ ఉంటుంది.

పండగకి వారం ముందే వంటింటి దేవుడు స్వర్గానికి వెళ్ళి, ఆ ఇంటి మంచీ చెడూ రిపోర్ట్ చేస్తాడని నమ్మకం. అందుకే ఆయన బొమ్మ మూతికి తేనె రాసేవాళ్ళు. తియ్యగా మాట్లాడాలి, లేదా నోరు అతుక్కుపోవాలి! తర్వాత ఇల్లు దులుపుతారు. కానీ పండగ రోజు మాత్రం చీపురు పట్టరు, వచ్చిన అదృష్టాన్ని ఊడ్చేసినట్టు అవుతుందని. ముందు రోజు రాత్రి అందరూ కలిసి భోజనం చేస్తారు. అందులో చేప ఉండాల్సిందే. చైనీస్‌లో 'చేప', 'మిగులు' రెండు మాటలూ 'యూ' అనే పలుకుతాయి. అందుకే కొంచెం మిగులుస్తారు కూడా. పిల్లలకి ఎర్ర కవర్లలో డబ్బులిస్తారు.

ఇప్పుడు అసలు మ్యాటర్‌కి వద్దాం. 1912లో చైనా రిపబ్లిక్ అయ్యాక అధికారిక క్యాలెండర్ మారిపోయింది. 'కొత్త సంవత్సరం' అనే పేరు జనవరి 1కి వెళ్ళింది. 1914లో పాత పండగకి 'వసంతోత్సవం' అని వేరే పేరు పెట్టారు. 1930 వచ్చేసరికి నాన్జింగ్ ప్రభుత్వం ఇంకా ముందుకెళ్ళి, పాత క్యాలెండర్లు అచ్చువేయడమే నిషేధించింది. ఆ రోజు షాపులు తెరిచే ఉంచాలంది. జనం వినలేదు. కొన్నేళ్ళకి ప్రభుత్వమే తగ్గింది.

1949 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం మూడు రోజుల సెలవిచ్చింది. కానీ సాంస్కృతిక విప్లవం టైమ్‌లో, 1967లో, ఆ సెలవునే రద్దు చేసింది. పండగ రోజు కూడా ఫ్యాక్టరీలో పనే. వంటింటి దేవుడు 'మూఢనమ్మకం' అయిపోయాడు. గుమ్మాల మీద శుభాకాంక్షల స్థానంలో విప్లవ నినాదాలు వచ్చాయి. సెలవు మళ్ళీ వచ్చింది 1980లో. మధ్యలో పదమూడేళ్ళు! అయినా తలుపులేసుకుని ఇంట్లో డంప్లింగ్స్ చేసుకున్నవాళ్ళు ఉన్నారు.

ఎందుకు ఆగలేదు? నాకు అర్థమైంది ఒకటే. ప్రభుత్వాలు దీన్ని క్యాలెండర్‌లో ఒక తేదీ అనుకున్నాయి. జనానికి మాత్రం అది ఇంటికెళ్ళే రోజు. ఇప్పటికీ ఊళ్ళో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పిల్లల్ని వదిలి ఫ్యాక్టరీలకి వెళ్ళిన ఎంతోమంది, ఏడాదికి ఒక్కసారి వాళ్ళని చూసేది అప్పుడే. నలభై రోజులు రైళ్ళన్నీ కిటకిటలాడేది అందుకే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద ఇరుక్కున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

2024 డిసెంబర్‌లో యునెస్కో ఈ పండగని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు రద్దయిన పండగ!

ఆ ఫిబ్రవరిలో మా రిలీజ్ వారం లేటైంది, అంతే. నేను విసుక్కున్న ఆ వారంలోనే, అక్కడ ఎవరో నాన్న తన కూతురు ఎంత ఎత్తు పెరిగిందో చూసుకుని ఉంటాడు.