తెలుగు ఏ గడిలో దాక్కుంది

కొత్తగా వచ్చిన పిల్లోళ్లు ఇంటికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాంటారు. నది, నాది, నాడి మూడూ ఒకటే మాదిరి కనపడతాయి. "పొలం నాది" అని రాస్తే చదివేవాళ్లు ఏమనుకోవాల? అందుకని ఈ చరిత్ర రాస్తన్నాము.

తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా దాంతోనే వచ్చింది. అయినా ఊళ్లో నెట్ సెంటర్‌లో తెలుగు పేజీ తెరిస్తే ఖాళీ డబ్బాలే. కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి, రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, రెండో పేజీలో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాల. పెడితే విండోస్ సీడీ అడుగుతాది. అది ఎవరి దగ్గర ఉంటాది? పైగా ఆ గడి పక్కన తెలుగు అనే మాటే లేదు. క్లిష్టమైన లిపులు, కుడి నుంచి ఎడమకు రాసే భాషలు, థాయ్‌తో సహా అని ఇంగ్లీషులో ఉండేది. మన భాష సామాను ఇంకొకరి పేరున్న గదిలో పెట్టి తాళం వేసినట్టు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. కుడి నుంచి ఎడమకు రాసేది అరబ్బీ. కువైట్‌లో అరబ్బీ రాని కంప్యూటరు ఎవరికి కావాల? అరబ్బీ కోసం పెట్టిన ఆ టిక్కే తెలుగునూ లేపేది. అంటే ఊళ్లో డబ్బాలుగా కనపడే పేజీ ఇక్కడ అక్షరాలుగా కనపడే వీలుంది.

చదవడం వేరు, రాయడం వేరు. రాయాలంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును విడిగా చేర్చుకోవాల. అందులో "అ" కావాలంటే షిఫ్ట్ పట్టుకుని డి కొట్టాల. మీటల మీద ఇంగ్లీషు, అరబ్బీ తప్ప తెలుగు గీత కూడా ఉండదు. 2006లో వీవెన్ గారు చేసిన లేఖిని ఆ తిప్పలు తగ్గించింది. పై గడిలో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే కింది గడిలో తెలుగు. కంప్యూటర్‌లో ఏమీ ఎక్కించే పని లేదు. అద్దె కంప్యూటరు ముందు కూచునేవాళ్లకు అదే పెద్ద సౌకర్యం.

ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అని ఒక తోడు సామాను ఉండేది, వెన్న నాగార్జున గారు చేసినారు. అప్పట్లో పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. పద్మ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఉపయోగం గొప్పదే. కానీ అలాంటి సామాను ఉందని తెలిసినోడికే అది దొరుకుతాది.

ప్రోగ్రాములు రాసేవాళ్లకూ ఈ బాధ తప్పలేదు. ఈమాక్స్ అని 1976 నాటి రాత పనిముట్టు ఉంది. దానికి తోడు సామాను కావాలంటే ఫైలు తెచ్చుకుని, సెట్టింగుల్లో చేత్తో రాసుకోవాల్సి వచ్చేది. 2012లో ఈమాక్స్ 24తో సామాన్ల జాబితా లోపలికే వచ్చింది. వరసలో కావాల్సిన దాని మీద ఐ కొట్టాల, తీసేయాల్సిన దాని మీద డి కొట్టాల, చివర ఎక్స్ కొడితేనే పని మొదలవుతాది. మాకు ఇది బాగా నచ్చింది. స్టోరు ఇండెంటు ఇట్లాగే కదా: ముందు గుర్తు పెట్టుకుంటాము, ఇంకోసారి చూసుకుంటాము, ఆ తర్వాతే సంతకం.

వికీపీడియా వాళ్లు 2013లో ఇంకో అడుగు వేసినారు. రాసే గడిలో వేలు పెడితే, ఆ మూలనే కీబోర్డు బొమ్మ వస్తాది. పని జరిగే చోటికే పనిముట్టు వచ్చిందన్నమాట.

ఇప్పుడు ఫోన్ల సంగతి. 2017లో గూగుల్ జీబోర్డులో ఇరవై రెండు భారతీయ భాషలు ఉన్నాయని చెప్పింది. సెట్టింగుల్లో లాంగ్వేజెస్, అందులో యాడ్ కీబోర్డ్, అందులో తెలుగు. అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది ఒకటి, నేరుగా తెలుగు అక్షరాలుండేది ఒకటి కనపడతాయి. దుకాణాల్లో, స్నేహితులు చాలామంది మొదటిదే పెట్టిస్తారు. ఊళ్లో తెలుగు చదువుకుని, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టలేని అక్కలు ఇక్కడ ఇళ్లల్లో పనిచేస్తా ఎంతమంది లేరు? వాళ్లకు అది తాళం మీద తాళం. వాళ్ల ఫోన్‌లో రెండోదానికి టిక్కు పెట్టించండి. భాష మార్చాలంటే స్పేస్ బార్ మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు.