దప్పుకు ఏ సంవత్సరం రాయాలె?

గౌలిపురలో ఆషాఢ బోనాలకు దప్పు లేనిదే ఊరేగింపు కదలదు. ఆ దప్పు కొట్టేటోని పేరు మాత్రం సంగీత చరిత్రల్లో కనబడదు. పంక్ సంగీతం 1970లలో పుట్టిందని రాసుకున్నరు. మన దప్పు కోపానికి ఏ సంవత్సరం రాయాలె?

1972లో మొదలైన జన నాట్యమండలి గొంగడి, గజ్జెలతో పాటను ఊళ్ళకు తీసుకపోయింది. తూప్రాన్ దళిత బిడ్డ గుమ్మడి విఠల్, 1913 నాటి గదర్ పార్టీ పేరు మీద గద్దర్ అయిండు. ఆ పాటల్లో వర్గం గట్టిగ వినబడ్డది. కులమో? మా అభిప్రాయంలో, 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని నరికి చంపినంక గానీ ఆ ప్రశ్నను ఉద్యమాలు తప్పించుకోలేకపోయినయి. దళిత మహాసభ పుట్టింది. గద్దర్ కారంచేడు మీద పాట కట్టిండు.

2018 జనవరిలో చెన్నై వేదిక మీద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వాళ్ళు గిటారు పక్కన పరై వాయించిండ్రు. అదీ తోలు వాయిద్యమే, మన దప్పుకు చుట్టమే.